కార్లు లేని గ్రావెల్ రైడ్: ఈస్ట్ బే పార్కుల్లో ఎలా మొదలుపెట్టాలి

"గ్రావెల్ బైక్ (కంకర, మట్టి దారుల మీద తొక్కడానికి వెడల్పాటి టైర్లున్న సైకిల్) కొన్నాం. కార్ల పక్కన తొక్కాలంటే భయం. ఎక్కడికెళ్ళాలి, ఎలా మొదలుపెట్టాలి?" ఫ్రీమాంట్, యూనియన్ సిటీ, డబ్లిన్, శాన్ రామోన్ వైపు ఉన్న మనవాళ్ళు అడిగేది ఎప్పుడూ ఇదే. ఒక్కొక్కరికీ విడిగా చెప్పేకన్నా ఒకచోట రాసిపెడితే పనికొస్తుంది.

శాన్ ఫ్రాన్సిస్కో బేకి తూర్పున అలమేడా, కాంట్రా కోస్టా కౌంటీల్లో పార్కుల్ని చూసుకునే సంస్థ ఈస్ట్ బే రీజనల్ పార్క్ డిస్ట్రిక్ట్. 1934లో మొదలైంది. ఇప్పుడు దాని చేతిలో 1,20,000 ఎకరాలకు పైగా నేల ఉంది. ఆ కొండల మీద, వాగు గట్ల మీద ఫైరింజన్లూ రేంజర్ల ట్రక్కులూ తిరగడానికి వేసిన వెడల్పాటి మట్టిదారులు చాలా ఉన్నాయి. వాటినే ఫైర్ రోడ్లు అంటారు. గ్రావెల్ బైక్‌కి సరిపోయేవి అవే.

ఒక సంగతి ముందే చెప్పాలి. కార్లు లేని దారిలో అందరికన్నా వేగంగా పోయేది మీరే. పిల్లల బండి తోసుకుంటూ నడిచే తల్లికి అక్కడ కారు మీరే. కింద చెప్పే జాగ్రత్తల్లో సగం దీన్నుంచి వచ్చినవే.

ఏమేం కావాలి

- గ్రావెల్ బైక్, లేదా 38 మి.మీ. అంతకన్నా వెడల్పు టైర్లున్న ఏ సైకిలైనా. హైబ్రిడ్ (రోడ్డుకీ మట్టిదారికీ మధ్యస్థంగా ఉండే సైకిల్) ఉంటే మొదటి దారికి అదే చాలు, కొత్తది కొనక్కర్లేదు. 28 మి.మీ. టైర్ల రోడ్ బైక్ మాత్రం కంకర మీదకి తేవద్దు.
- హెల్మెట్. ఈ పార్కుల్లో సైకిల్ తొక్కే పెద్దవాళ్ళకీ ఇది తప్పనిసరి.
- బెల్లు. గ్రావెల్ బైక్‌తో పాటు షాపులో సాధారణంగా ఇవ్వరు. అడిగి కొనుక్కోండి.
- గాలి కొలిచే మీటరున్న పంపు ఇంట్లో ఒకటి, చిన్న పంపు మీతో ఒకటి.
- స్పేర్ ట్యూబులు 2, టైరు విప్పే టైర్ లివర్లు, అలెన్ కీలున్న మల్టీ టూల్, తెగిన చైన్‌ని కలపడానికి దానికి సరిపోయే క్విక్ లింక్. టైర్లు ట్యూబ్‌లెస్ (లోపల ట్యూబుకి బదులు చిల్లులు పూడ్చే సీలెంట్ ద్రవం ఉండేవి) అయితే చిల్లులో దూర్చే ప్లగ్గులు కూడా.
- 750 మి.లీ. నీళ్ళ సీసాలు 2. తినడానికి పల్లీ చిక్కీ. ఎండలో చాక్లెట్ బార్ కరిగి జేబంతా అంటుకుంటుంది, చిక్కీకి ఆ బాధ లేదు.
- ఫోన్‌లో ముందే దించుకున్న ఆఫ్‌లైన్ మ్యాప్. బ్రియోనెస్ లాంటి కొండ పార్కుల లోయల్లో సిగ్నల్ మీద నమ్మకం పెట్టుకోవద్దు.

పవర్ మీటర్లూ, కార్బన్ చక్రాలూ ఈ జాబితాలో లేవు. వాటి గురించి అడగడం ఇంకో ఆరు నెలలు వాయిదా వేయండి.

1. మొదటి దారిగా అలమేడా క్రీక్ గట్టునే ఎంచుకోండి

అలమేడా క్రీక్ రీజనల్ ట్రైల్ ఫ్రీమాంట్‌లో నైల్స్ కాన్యన్ మొదట్లో మొదలై బే దాకా సుమారు 12 మైళ్ళు, అంటే 19 కిలోమీటర్లు పోతుంది. వరదల కోసం వాగును కాలువలా మలిచి రెండు వైపులా గట్లు కట్టారు. దారి ఆ గట్ల మీదే. దాదాపు సమతలం. పెద్ద రోడ్లు వచ్చినచోటల్లా దారి వంతెన కిందకి దిగి అవతల పైకి లేస్తుంది కాబట్టి సిగ్నల్ దగ్గర ఆగే పని లేదు.

ఇక్కడ చాలామంది తడబడేది గట్టు దగ్గర. దక్షిణపు గట్టు తారుది, ఉత్తరపు గట్టు కంకర, మట్టి. గ్రావెల్ కావాలంటే ఉత్తరపు గట్టు ఎక్కాలి. కానీ చివర్లో కొయోటీ హిల్స్ పార్కుకి వెళ్ళే దారి దక్షిణపు గట్టు నుంచే ఉంది. ఉత్తరం వైపు బే దాకా వెళ్ళి, అవతల కనిపించే కొండల్ని చూస్తూ "దాటేదెలా" అని వెతికితే అక్కడ వంతెన లేదు. కాబట్టి ఇంట్లోనే తేల్చుకోండి: ఈ రోజు కంకర అలవాటు చేసుకోవాలా, కొయోటీ హిల్స్ చూడాలా? రెండూ కావాలంటే ఉత్తరపు గట్టు మీద కొంతదూరం వెళ్ళి అదే దారిన వెనక్కి రండి, ఆ తర్వాత దక్షిణపు గట్టు పట్టండి.

బయల్దేరడానికి ఓల్డ్ కాన్యన్ రోడ్ మీదున్న నైల్స్ స్టేజింగ్ ఏరియా (కారు పెట్టుకుని ట్రైల్ ఎక్కే చోటు) అనుకూలం. దానికో కారణం ఉంది. ఇక్కడ గాలి ఎక్కువగా పడమటి నుంచి, బే వైపు నుంచి వీస్తుంది, మధ్యాహ్నం అయ్యేకొద్దీ పెరుగుతుంది. పొద్దున్నే నైల్స్ నుంచి పడమరకి వెళ్తే ఎదురుగాలి తక్కువగా ఉన్నప్పుడే కష్టమైన సగం అయిపోతుంది, తిరిగొచ్చేటప్పుడు గాలే వెనక నుంచి తోస్తుంది. కొయోటీ హిల్స్‌లో కారు పెట్టి మధ్యాహ్నం తూర్పుకి బయల్దేరారనుకోండి, మొదట్లో ఎగిరిపోతున్నట్టే ఉంటుంది. వెనక్కి తిరిగాక తెలుస్తుంది అసలు సంగతి.

కారులో లాప్‌టాప్ బ్యాగు వదిలి వెళ్ళొద్దు. డిక్కీలో దాచినా సరే. బే ఏరియాలో ఉంటున్నవాళ్ళకి ఇంతకన్నా వివరంగా చెప్పక్కర్లేదు.

2. ముందు రోజు మ్యాప్‌లో మూడు విషయాలు చూడండి

మొదటిది, సైకిల్‌కి అనుమతి. డిస్ట్రిక్ట్ పార్కు మ్యాపుల్లో ఏ ట్రైల్ నడిచేవాళ్ళకే, ఏది గుర్రాలకి కూడా, ఏది అందరికీ అన్నది గీతల రకంతో చూపిస్తారు. కింద గుర్తుల పట్టిక ఉంటుంది. ఫైర్ రోడ్లలో ఎక్కువ భాగం సైకిళ్ళకి తెరిచే ఉంటాయి. ఒక్క మనిషి నడిచేంత సన్నటి కాలిబాటల మీద మాత్రం బోర్డు పెట్టి అనుమతిస్తే తప్ప వెళ్ళకూడదు. వేరే ఆప్‌లో ఎవరో తొక్కినట్టు గీత కనిపించినంత మాత్రాన అనుమతి ఉన్నట్టు కాదు. రేంజర్ జరిమానా రాసేటప్పుడు ఆ గీత చూపిస్తే లాభం లేదు.

రెండోది, ఎత్తు. దూరం చూసి దారి ఎంచుకోవడమే కొత్తవాళ్ళు ఎక్కువగా చేసే తప్పు. గట్టు మీద 20 మైళ్ళు తొక్కినవాళ్ళు బ్రియోనెస్‌లో 8 మైళ్ళు ఎంతసేపు అనుకుంటారు. అక్కడి చడావుల్లో కొన్ని సైకిల్ దిగి తోసుకుపోవాల్సినంత నిటారు. మైలుకి 100 అడుగుల కన్నా ఎక్కువ ఎక్కాల్సిన దారులు మొదటి నెలలో వద్దు.

మూడోది, ఆ రోజు ట్రైల్ తెరిచి ఉందా? డిస్ట్రిక్ట్ వెబ్‌సైట్లో మూసివేతల పేజీ ఉంటుంది. వేసవి, శరదృతువుల్లో అగ్ని ప్రమాదం ఎక్కువగా ఉన్న రోజుల్లో పార్కులకు పార్కులే మూసేస్తారు. పార్కు వేళలు కూడా ఒకేలా ఉండవు, గేటు వేళ చూసుకోకపోతే కారు లోపల ఉండిపోతుంది.

3. టైర్లలో గాలి తగ్గించండి

మనకి చిన్నప్పటి నుంచీ ఉన్న అలవాటు, సైకిల్ టైరు రాయిలా ఉండాలి అని. కంకర మీద అది తప్పు. గట్టి టైరు ప్రతి రాయి మీదా ఎగురుతుంది, మలుపులో పట్టు వదిలేస్తుంది, అరచేతులు తిమ్మిరెక్కుతాయి. టైరు పక్కన రాసి ఉండే పెద్ద అంకె దాటకూడని హద్దు మాత్రమే. అంత నింపమని కాదు.

మీ బరువు 70 కిలోలు, టైరు 40 మి.మీ., లోపల ట్యూబు ఉంటే వెనక 40 పీఎస్‌ఐ (పంపు మీటర్ మీద కనిపించే గాలి ఒత్తిడి కొలత), ముందు 36తో మొదలుపెట్టండి. ట్యూబ్‌లెస్ అయితే రెంటిలోనూ 5 తగ్గించండి. బరువు 85 దాటితే 4, 5 పెంచండి. టైరు మీద, రిమ్ మీద రాసిన కనీస, గరిష్ఠ హద్దుల్లోనే ఉండండి.

సరిగ్గా కుదిరిందో లేదో ఇలా తెలుసుకోండి. కంకర మీద ఒక మైలు తొక్కండి. చేతులు జివ్వుమంటుంటే 2 పీఎస్‌ఐ తీసేయండి. రాయి మీద ఎక్కినప్పుడు రిమ్ తగిలి టక్కుమని గట్టి చప్పుడు వస్తే 3 పెంచండి, లేకపోతే ట్యూబుకి పాము కాటులా రెండు చిల్లులు పడతాయి. కుదిరిన అంకెని ఫోన్‌లో రాసిపెట్టుకోండి. వేలితో నొక్కి చూసే పద్ధతి గ్రావెల్ టైర్లకి పనికిరాదు, 30కీ 40కీ తేడా వేలికి తెలియదు.

4. బ్రేకు ఏది ఎటుందో చూసుకోండి

దీన్ని ఎవరూ రాయరు, మనకే అవసరం. ఇండియాలో సైకిలైనా మోటర్ సైకిలైనా ముందు బ్రేకు కుడి చేతిలో ఉంటుంది. అమెరికాలో అమ్మే సైకిళ్ళకి ముందు బ్రేకు ఎడమ చేతిలో ఉంటుంది. ఇరవయ్యేళ్ళు హీరో సైకిల్, బండి నడిపిన చేతులు కంగారులో పాత అలవాటుకే పోతాయి. వెనక బ్రేకు అనుకుని ఎడమ లివర్ గట్టిగా నొక్కితే కంకర మీద ముందు చక్రం జారుతుంది, మనిషి పక్కకి పడతాడు.

పార్కింగ్ స్థలంలోనే పదిసార్లు ఎడమ విడిగా, కుడి విడిగా నొక్కి ఆపి చూడండి. ఎంతకీ అలవాటు కాకపోతే షాపులో చెప్పి లివర్లు మార్పించుకోవచ్చు. హైడ్రాలిక్ డిస్క్ బ్రేకులు అయితే అది కాస్త ఖర్చుతో కూడిన పని, మీరు చేయబోకండి. ఇంట్లో ఇంకొకరు కూడా ఆ సైకిల్ తొక్కుతుంటే మార్చనే వద్దు.

5. కంకర మీద తొక్కడం

హ్యాండిల్‌ని వదులుగా పట్టుకోండి. ముందు చక్రం కొంచెం అటూ ఇటూ ఊగుతుంది, ఊగనివ్వండి. బిగించి సరిచేయబోతేనే పడతారు. చూపు చక్రం ముందు కాదు, 15, 20 అడుగుల ముందుకి. రాయిని చూస్తూ ఉంటే దాని మీదకే పోతారు.

బ్రేకు మలుపుకి ముందే వేయాలి, మలుపులో కాదు. దిగుడులో పిరుదులు సీటు మీద నుంచి కొంచెం లేపి వెనక్కి జరగండి, పెడళ్ళు రెండూ నేలకి సమానంగా ఉంచండి. ఎక్కేటప్పుడు మాత్రం కూర్చునే తొక్కండి, లేచి నిలబడితే వెనక చక్రం కంకరలో గిర్రున తిరిగి ఆగిపోతుంది. గేరు చడావు మొదలవకముందే తేలిక చేసుకోవాలి.

వంతెనల కింద ప్రత్యేకంగా జాగ్రత్త. ఎండలోంచి ఒక్కసారిగా చీకట్లోకి దిగుతారు, కళ్ళు సర్దుకునేలోపు ఎదురుగా ఎవరో వస్తారు. చలికాలంలో అక్కడ నీళ్ళు, ఒండ్రు నిలుస్తాయి. దిగకముందే బెల్లు కొట్టి, నడక వేగానికి తగ్గించండి. నీళ్ళు నిలిచి ఉంటే అడుగు ఎంత లోతో తెలియకుండా దిగొద్దు, వెనక్కి తిరగండి.

6. మనుషుల్ని, గుర్రాల్ని, ఆవుల్ని దాటడం

వేగం హద్దు గంటకి 15 మైళ్ళు. సైకిల్ తొక్కేవాళ్ళు నడిచేవాళ్ళకీ గుర్రాలకీ దారి ఇవ్వాలి. ఇక్కడ కుడి పక్కన పోవాలి, ఎడమ నుంచి దాటాలి.

"ఆన్ యువర్ లెఫ్ట్" (మీ ఎడమ పక్క నుంచి దాటుతున్నాను) అని అరవడం రివాజు. కానీ ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు సాయంత్రం పూట ముగ్గురు నలుగురు వరసగా నడుస్తుంటారు. వాళ్ళకి "లెఫ్ట్" అని వినపడగానే ఎడమకి జరుగుతారు, సరిగ్గా మీ ముందుకి. వాళ్ళ తప్పేం లేదు, ఇంటి దగ్గర ఎడమకి జరగడమే పద్ధతి. దూరం నుంచే బెల్లు కొట్టండి, తిరిగి చూసేదాకా వేగం తగ్గించండి, "కొంచెం దారివ్వండి అంకుల్" అంటే ఇంకా మంచిది. చెవుల్లో ఇయర్‌ఫోన్లు ఉన్నవాళ్ళకి ఇవేవీ వినపడవు, వాళ్ళ వెనక నడక వేగంతోనే పోయి ఖాళీ దొరికాక దాటండి.

అలమేడా క్రీక్ ఉత్తరపు గట్టు మీద గుర్రాలు వస్తాయి. ఎదురుగా వస్తే ఆగి ఒక కాలు కింద పెట్టండి. వెనక నుంచి దాటాలంటే బెల్లు వద్దు, మాట్లాడండి. మనిషి గొంతు వింటే గుర్రం బెదరదు. రౌతు "రండి" అన్నాకే కదలండి.

కొండల పార్కుల్లో ఆవులు మేస్తుంటాయి. దారికి అడ్డంగా పడుకుని ఉంటే నెమ్మదిగా చుట్టూ తిరిగి వెళ్ళండి, తల్లికీ దూడకీ మధ్య నుంచి మాత్రం దూరొద్దు. గేట్లు ఎలా ఉంటే అలా వదలండి: మూసి ఉంటే మళ్ళీ మూయండి, తెరిచి ఉంటే అలాగే ఉంచండి.

7. ముళ్ళు, పాములు, ఆకులు

గట్ల పక్కన ఎండాకాలంలో టైర్లు పంక్చర్ చేసే ముల్లు ఏదో తెలుసా? మన పల్లేరు కాయే. చేల గట్ల మీద చెప్పుల్లో దిగే అదే పల్లేరు కాలిఫోర్నియాలో కూడా కలుపు మొక్కగా పాకింది. ఆగినప్పుడు సైకిల్‌ని ఎండుగడ్డిలోకి తోయకండి, దారి మీదే ఓ అంచున నిలపండి. టైరులో కాయ దిగి కనిపిస్తే, ట్యూబు ఉన్న టైరైతే పీకగానే గాలి పోతుంది, పంపు చేతిలో పెట్టుకునే పీకండి. ట్యూబ్‌లెస్ అయితే పీకి చక్రం తిప్పండి, సీలెంట్ చిల్లు పూడ్చేస్తుంది. కొన్ని నెలలకి సీలెంట్ ఎండిపోతుంది, అప్పుడు ట్యూబ్‌లెస్ కూడా మామూలు టైరే. చక్రం విప్పి ఊపితే లోపల చప్పుడు వినపడాలి.

పంక్చర్ అయ్యాక కొత్త ట్యూబు ఎక్కించే ముందు టైరు లోపల వేళ్ళతో నెమ్మదిగా తడమండి. ముల్లు మొన అందులోనే ఉంటే రెండో ట్యూబు కూడా పది నిమిషాల్లో పోతుంది.

పాయిజన్ ఓక్ కొండ పార్కుల్లో దారి పక్కనే ఉంటుంది. మూడేసి ఆకుల గుత్తులు, వేసవి చివరికి ఎర్రబడతాయి. తాకితే దురద, బొబ్బలు. తగిలిందన్న అనుమానం ఉంటే ఇంటికి రాగానే సబ్బుతో కడగండి, హ్యాండిల్ టేపు, గ్లవ్స్ కూడా. ఎండు కాలంలో వేడెక్కిన కంకర మీద ర్యాటిల్‌స్నేక్ పడుకోవచ్చు. ఆగండి, దూరంగా ఉండండి, అదే పోతుంది. కరిస్తే గాటు పెట్టడం, నోటితో పీల్చడం వద్దు. 911కి ఫోన్ చేసి కదలకుండా కూర్చోండి. గడ్డిలోకి వెళ్ళి ఉంటే ఇంటికొచ్చాక మోకాళ్ళ వెనక, నడుం దగ్గర గోమార్లు పట్టుకున్నాయేమో చూసుకోండి.

8. వాన పడ్డాక

ఇక్కడ వానలు దాదాపుగా నవంబర్ నుంచి ఏప్రిల్ దాకా. ఈ కొండల మట్టి తడిస్తే మన నల్లరేగడిలా ఉంటుంది. చక్రాలకి చుట్టుకుని ఫోర్క్ (ముందు చక్రాన్ని పట్టుకునే కడ్డీలు) దగ్గర బిగుసుకుపోతుంది, సైకిల్ మోసుకుని రావాలి. మీ కష్టం సంగతి అలా ఉంచితే, మీరు వేసిన గాడి ఎండి వేసవంతా అలాగే ఉండిపోతుంది. కొన్ని ట్రైల్స్‌ని ఆ కాలంలో సైకిళ్ళకి మూసేస్తారు కూడా.

ట్రైల్ మొదట్లో దిగి పదడుగులు నడవండి. బూటు అడుక్కి మట్టి అంటుకుంటే ఆ రోజు కొండ వద్దు. అలాంటప్పుడు వెళ్ళదగ్గవి ఇవి: అలమేడా క్రీక్ దక్షిణపు తారు గట్టు, కొయోటీ హిల్స్ చుట్టూ 3.5 మైళ్ళ బేవ్యూ ట్రైల్, లేదా పాత సదరన్ పసిఫిక్ రైలు మార్గం మీద వేసిన ఐరన్ హార్స్ ట్రైల్. ఐరన్ హార్స్ డబ్లిన్, శాన్ రామోన్, డాన్‌విల్‌ల గుండా పోతుంది, ఇంటి దగ్గరే. కానీ అది పూర్తిగా కార్లు లేని దారి కాదు, రోడ్లు చాలా దాటాలి. పిల్లల్ని తీసుకెళ్ళేటప్పుడు అది గుర్తుంచుకోండి.

ఈ-బైక్ ఉన్నవాళ్ళకి ఒక మాట. డిస్ట్రిక్ట్ వీటిని కొన్ని ట్రైల్స్ మీదే అనుమతిస్తుంది, అదీ అన్ని క్లాసుల్నీ (మోటరు సాయం, వేగాన్ని బట్టి ఈ-బైక్‌లకి ఇచ్చే తరగతులు) కాదు. మీ సైకిల్ ఫ్రేమ్ మీద క్లాస్ ఎంతో చూసి, అనుమతించిన ట్రైల్స్ జాబితాతో సరిపోల్చుకున్నాకే బయల్దేరండి.

తర్వాతి దారికి సిద్ధమేనా?

గట్టు మీద 15 మైళ్ళు తొక్కి వచ్చాక ఇవి చూసుకోండి. చేతుల్లో తిమ్మిరి లేదు. రెండు సీసాల్లో ఒకటిన్నర ఖాళీ అయింది (నీళ్ళు మిగిలాయంటే తాగడం మర్చిపోయారని అర్థం). కంగారుగా ఆగాల్సి వచ్చినప్పుడు సరైన బ్రేకే నొక్కారు. ఇంట్లో కూర్చుని ట్యూబు మార్చడం ఒకసారి చేసి చూశారు. మోకాళ్ళ ముందు భాగం నొప్పి ఉంటే సీటు కాస్త ఎత్తండి, సగం సెంటీమీటరు చొప్పున.

ఇవన్నీ సరిపోతే బర్కిలీ పైన టిల్డెన్ పార్కులో ఇన్‌స్పిరేషన్ పాయింట్ నుంచి నిమిట్జ్ వేకి వెళ్ళండి. కొండ శిఖరం మీద సుమారు 4 మైళ్ళు తారు దారి, ఒక పక్క బే, ఇంకో పక్క రిజర్వాయర్లు. తారు అయిపోయాక వైల్డ్‌క్యాట్ కాన్యన్ వైపు మట్టి ఫైర్ రోడ్లు మొదలవుతాయి. వాటిలో కిందకి దిగేవి నిటారుగా ఉంటాయి, దిగినంతా మళ్ళీ ఎక్కాలి. అందుకని మొదటిసారి శిఖరం మీద ఉన్న మట్టి భాగం వరకే వెళ్ళి తిరగండి. ఆ తర్వాత లేక్ షబో, దాని తర్వాత ప్లెజంటన్ రిడ్జ్. మిషన్ పీక్‌కి సైకిల్ వేసుకుని వెళ్దామని ఎవరైనా స్నేహితుడు పిలిస్తే, శనివారం పొద్దున ఆ కొండ మీద జనం ఎంతుంటారో మీకు ముందే తెలుసు కదా, నడిచే వెళ్ళండి.

ఇంటికొచ్చాక సైకిల్‌ని ప్రెషర్ వాషర్‌తో కడగొద్దు, బేరింగుల్లోకి నీళ్ళు పోతాయి. దుమ్ము గుడ్డతో తుడిచి, చైన్ తుడిచి, ఒక్కో లింకుకి ఒక్కో చుక్క నూనె వేసి, మిగిలింది తుడిచేయండి. డిస్క్ రోటర్ (బ్రేకు పట్టుకునే లోహపు పళ్ళెం) మీద మాత్రం నూనె పడనివ్వకండి.